రైబోజోమ్ టాపిక్ ఇచ్చారని బెంగ పెట్టుకోకండి

ప్రశ్న: బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ చివరి ఏడాదిలో ఉన్నాను. ‘రైబోజోమ్ తయారీలో ప్రోటీన్ డొమైన్లు’ అని ప్రాజెక్టు ఇచ్చారు. దీంతో ఉద్యోగాలు రావు, డేటా సైన్స్‌కి మారిపొమ్మని స్నేహితులు అంటున్నారు. ఒకటే టెన్షన్‌. ఏం చేయమంటారు?

జవాబు: మారే సంగతి తర్వాత. ముందు మీ చేతికి వచ్చిందేమిటో చూడండి.

కణంలో ప్రోటీన్లు తయారుచేసే యంత్రం రైబోజోమ్. దాని తయారీలో సాయపడే ఈరా అనే ప్రోటీన్‌ ఉంది. ఈ.కోలై బ్యాక్టీరియాలో దాని పొడవు 301 అమైనో ఆమ్లాలు. అందులో ప్రధానంగా రెండు డొమైన్లు, అంటే విడివిడిగా మడతపడి తమ పని తాము చేసే భాగాలు. మొదటిది జీటీపీ అనే శక్తినిచ్చే అణువును విడగొడుతుంది, రెండోదైన కేహెచ్ ఆర్‌ఎన్‌ఏను పట్టుకుంటుంది. రైబోజోమ్‌లోని చిన్న భాగమైన 30ఎస్ సబ్‌యూనిట్ తయారవుతున్నప్పుడు ఈరా వచ్చి అందులోని 16ఎస్ ఆర్‌ఎన్‌ఏ చివరను పట్టుకుంటుంది, పని కాగానే వదిలేసి పోతుంది. స్లాబు గట్టిపడ్డాక సెంట్రింగ్ విప్పేసినట్టన్నమాట.

ఇదే కేహెచ్ రైబోజోమ్‌లోనే ఉండిపోయే ఎస్3 ప్రోటీన్‌లోనూ ఉంది. మేధో ఎదుగుదలను దెబ్బతీసే జన్యు సమస్య ఫ్రెజైల్ ఎక్స్ సిండ్రోమ్‌లో లోపించే ప్రోటీన్‌లోనూ ఉంది. అయితే ఓ మెలిక. కేహెచ్‌లో రెండు రకాలున్నాయి, మడత పడే తీరు వేరు. ఈరా, ఎస్3లది రెండో రకం, ఫ్రెజైల్ ఎక్స్ ప్రోటీన్‌ది మొదటిది. సాఫ్ట్‌వేర్ ఇచ్చిన డొమైన్ పేరును ఏ రకమో చూడకుండా రిపోర్టులో దించేసేవాళ్లు వైవాలో ఇక్కడే దొరికిపోతారు.

ఇక ఉద్యోగం. రైబోజోమ్ మీద పట్టున్నవారికి యాంటీబయాటిక్ పరిశోధనలో పని ఉంటుంది. స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్, ఎరిత్రోమైసిన్ దెబ్బకొట్టేది రైబోజోమ్‌నే. కాకపోతే ల్యాబ్ దారిలో పైకి వెళ్లాలంటే దాదాపుగా పీహెచ్‌డీ తప్పదు, ఏళ్లు పడుతుంది. ఇంట్లో వెంటనే జీతం అవసరమైతే పైథాన్ గట్టిగా నేర్చుకుని జీవశాస్త్ర డేటాను కంప్యూటర్‌తో విశ్లేషించే బయోఇన్ఫర్మాటిక్స్ వైపు వెళ్లండి. మీ స్నేహితులు చెప్పే డేటా సైన్స్‌కి అది పక్కిల్లే. దారి మార్చడం తప్పేమీ కాదు. రైబోజోమ్ నిర్మాణానికి 2009లో నోబెల్ పంచుకున్న వెంకట్రామన్ రామకృష్ణన్ పీహెచ్‌డీ చేసింది ఫిజిక్స్‌లో. ఆ తర్వాత మళ్లీ విద్యార్థిగా చేరి బయాలజీ చదువుకున్నారు.

రెండు వారాలు ఓ పని చేయండి. పదిరకాల బ్యాక్టీరియా నుంచి ఈరా సీక్వెన్సులు, అంటే అమైనో ఆమ్లాల వరుసలు, దించుకుని వరుసగా పేర్చండి. ప్రోటీన్ డొమైన్ల డేటాబేస్ ఇంటర్‌ప్రోలో కేహెచ్ ఎక్కడ మొదలవుతుందో చూసుకోండి. అందులో రెండు గ్లైసీన్ల మధ్య మరో రెండు అమైనో ఆమ్లాలుండే చిన్న మలుపు వెతకండి, ఆర్‌ఎన్‌ఏను పట్టేది అక్కడే. ప్రోటీన్ డేటా బ్యాంకులోని త్రీడీ నిర్మాణం మీద దానికి రంగు వేయండి. పదింటికి కాదు, వెయ్యింటికి ప్రోగ్రామ్ రాస్తే బాగుండనిపిస్తే మీది కంప్యూటర్ దారి. ఆ గ్లైసీన్‌ను మారిస్తే ఏమవుతుందోనని చేతులు దురద పెడితే ల్యాబ్. రెండూ అనిపించకపోతే, అప్పుడు మారే సంగతి మాట్లాడుకుందాం.