జీనులో కుదరని రౌతు

ప్రశ్న: 54 మి.మీ. ఫ్రెంచి క్యురాసియర్ (ఛాతీకి ఉక్కు కవచం తొడిగే గుర్రపు సైనికుడు; 1815, వాటర్లూ యుద్ధం) బొమ్మ చేస్తున్నాను. రంగులన్నీ వేశాక రౌతును ఎక్కించి చూస్తే కింద సందు కనిపిస్తోంది, తొడలు గుర్రానికి ఆనడం లేదు. ఏం చేయాలి?
– విజయవాడ పాఠకుడు

జవాబు: ఇంకా అంటించలేదు కాబట్టి పని చెడలేదు. జీను మీద పల్చటి క్లింగ్ ఫిల్మ్ (ఆహారం చుట్టే ప్లాస్టిక్ పొర) ముడతల్లేకుండా పరచండి. రౌతు కూర్చునే చోటా, తొడల లోపలి వైపూ రంగు గీకేసి, రెండు భాగాలూ సమంగా కలిపిన ఎపాక్సీ పుట్టీ (కలిపాక గట్టిపడే ముద్ద) అద్దండి. రౌతును జీనులోకి నొక్కి, వెనక నుంచి చూసి నిటారుగా ఉన్నాడో లేదో సరిచేసి, రాత్రంతా కదపకండి. మర్నాడు రౌతును పైకి లాగితే పుట్టీ అతనితోనే వస్తుంది. పక్కలకు పొంగినదాన్ని బ్లేడుతో కోసి, 400 తర్వాత 600 నంబరు ఎమరీతో తడిపి రుద్దండి. పైపులకు వాడే పుట్టీ గరుకుగా ఉంటుంది, బయటికి కనిపించే చోట వద్దు. సందును సూపర్ గ్లూతో నింపడం అసలే వద్దు. దాని ఆవిరికి చుట్టుపక్కల రంగు మీద తెల్లటి పొర పడుతుంది.

క్యురాసియర్ జీను మీద తెల్ల గొర్రెతోలు ఉంటుంది. అది విడి ముక్కగా వచ్చే కిట్లలో, ఉత్త జీను మీద కొలత చూసుకుని తోలు తర్వాత అంటిస్తే ఈ తేడా తప్పదు. తోలు మందానికి రౌతు లేస్తాడు, కాళ్లు ఎడమవుతాయి. రంగు డబ్బా తెరవకముందే తోలుతో సహా కూర్చోబెట్టి చూడాలి.

ప్రశ్న: కిట్‌లోని పగ్గాలు లావుగా ఉన్నాయి. దారం కట్టవచ్చా?
– కరీంనగర్ పాఠకురాలు

జవాబు: దారం వద్దు. పగ్గం తోలు పట్టీ, బల్లపరుపుగా ఉండాలి. అసలు పగ్గం వెడల్పు 25 మి.మీ. అనుకుంటే 54 మి.మీ. బొమ్మలకు సరిపడే 1/32 స్కేలులో సుమారు 0.8 మి.మీ. వస్తుంది. ఖాళీ అయిన అల్యూమినియం ఆయింట్‌మెంట్ ట్యూబును చీల్చి, కడిగి, ఎమరీతో గరుకు చేసి, స్టీలు స్కేలు ఆనించి కొత్త బ్లేడుతో కోయండి. పాత బ్లేడుకు అంచులు చుట్టుకుపోతాయి. క్యురాసియర్ల గుర్రాలకు రెండు జతల పగ్గాలుంటాయి, రెండూ ఎడమ చేతిలోకే వస్తాయి. కుడిచేతిలో కత్తి కదా! ముందు కళ్లెం దగ్గర అంటించి, రౌతును ఎక్కించాక రెండో కొస చేతిలో దూర్చండి. మధ్యలో కొద్దిగా వేలాడనివ్వండి. తీగలా బిగిస్తే గుర్రం నోరు చీల్చుతున్నట్టుంటుంది.

ప్రశ్న: దౌడు తీసే గుర్రాన్ని నాలుగు కాళ్లూ చాపి గాల్లో నిలపవచ్చా?
– నెల్లూరు పాఠకుడు

జవాబు: పాత చిత్రాల్లో అలా గీశారు గానీ అది నిజం కాదు. 1878లో ఫొటోగ్రాఫర్ మైబ్రిడ్జ్ తీసిన ఫొటోల్లో తేలిందేమిటంటే, నాలుగు గిట్టలూ నేల వదిలేది కాళ్లు పొట్ట కిందికి ముడుచుకున్నప్పుడే. ఒక గిట్ట నేలకు ఆనే భంగిమ ఎంచుకోండి. ఆ కాలిలోకి కింది నుంచి 0.6 మి.మీ. స్టీలు తీగ దించి, పీఠంలోకి 10 మి.మీ. దిగేలా వదలండి. ఇత్తడి తీగైతే రౌతు బరువుకు మెల్లగా వంగుతుంది.