పేరు చూశాకే మార్కులు వేస్తున్నానా?

ప్రశ్న: నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదేళ్లుగా తెలుగు బోధిస్తున్నాను. ఇటీవల తొమ్మిదో తరగతి జవాబు పత్రాలు దిద్దినప్పుడు, దళితవాడ నుంచి వచ్చే ఒక బాలుడికి 5కు 2 వేశాను. దాదాపు అవే అంశాలు రాసిన, బాగా చదువుతుందని పేరున్న అమ్మాయికి మూడున్నర వేశాను. నేనూ దళిత కుటుంబం నుంచే వచ్చాను. నాలోనూ పక్షపాతం ఉందా?
– ఒక ఉపాధ్యాయిని, వరంగల్ జిల్లా

జవాబు: ఉండవచ్చు. అదే కులంలో పుట్టినంత మాత్రాన ఆ పక్షపాతం మనకు అంటదన్న భరోసా లేదు. రెమా హన్నా, లీ లిండెన్ అనే ఆర్థికవేత్తలు మన దేశంలోనే ఉపాధ్యాయులతో పత్రాలు దిద్దించి, 2012లో ఆ ఫలితాలు ప్రచురించారు. జవాబులతో సంబంధం లేకుండా, ముఖపత్రాల మీద విద్యార్థి వయసు, లింగం, కులం వివరాలను లాటరీ పద్ధతిలో వేశారు. అణగారిన కులమని రాసి ఉన్న పత్రాలకు మార్కులు కొద్దిగా తగ్గాయి. ఆ తగ్గింపు ప్రధానంగా అణగారిన కులాల ఉపాధ్యాయులు దిద్దిన పత్రాల్లోనే కనిపించింది. మొదట దిద్దిన పత్రాల్లో అది ఎక్కువగా ఉంది. ఏ జవాబుకు ఎంత వేయాలో ఇంకా కుదురుకోని ఆ దశలోనే పేరు మన చేతిని నడిపిస్తుందని నాకనిపిస్తుంది.

పదో తరగతి మూల్యాంకనంలో పత్రం మీకు పేరు లేకుండా, కోడ్‌తోనే వస్తుంది కదా, తరగతి పరీక్షలకూ అలాగే చేయండి. పేరును చివరి పేజీ వెనుక రాయించండి. జవాబులో ఉండవలసిన అంశాలను, ఒక్కోదానికి ఎంత వేస్తారో ముందే కాగితం మీద పెట్టుకుని, అందరి మొదటి ప్రశ్నా దిద్దాకే రెండోదానికి వెళ్లండి. మొదటి పది పత్రాలను చివర్లో మళ్లీ చూడండి. పదేళ్ల అనుభవం ఉన్న మీరు చేతిరాతను పోల్చుకోకుండా ఉండలేరు కాబట్టే ఆ కాగితం అవసరం.

తెలుగు ఉపాధ్యాయులుగా మనం భాష విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. పాఠం సారాంశం అడిగిన ప్రశ్నకు ఆ బాలుడు ‘వచ్చాడు’ అనడానికి బదులు ‘వచ్చిండు’ అని రాసి ఉంటే, అది అతడి ఇంటి భాష. అంశం తెలియకపోవడం కాదు. అక్కడ మార్కు తగ్గించి ఉంటే, ఎందుకు తగ్గించారో మిమ్మల్ని మీరే అడగండి.

ఇప్పుడు ఆ రెండు పత్రాలనూ అదే కాగితం ప్రకారం తిరిగి దిద్దండి. బాలుడి మార్కు మారితే పాతది కొట్టివేసి, కొత్తది వేసి సంతకం చేయండి. పొరపాటు తను రాసిన దానిలో కాదు, మీరు దిద్దడంలో జరిగిందని అతడిని దగ్గర కూర్చోబెట్టుకుని స్వయంగా చెప్పండి.