‘నెస్సున్ దోర్మా’ పాడిన మర్నాడు గొంతు బొంగురు: నా సమాధానం

మీది లిరిక్ టెనర్ గొంతు (ఒపెరాలో తేలికగా, మృదువుగా ఉండే మగవారి పైస్థాయి గొంతు), వయసు 27. అందరూ అడుగుతున్నారని పుచ్చీని ఒపెరా ‘తురాందోత్’లోని టెనర్ పాట ‘నెస్సున్ దోర్మా’ సాధన చేస్తుంటే మర్నాటికి గొంతు బొంగురుపోతోందన్నారు. పైస్థాయి చాలడం లేదేమోనని మీ టెన్షన్. నాకలా అనిపించడం లేదు. ఆ పాటలో అన్నిటికన్నా పై స్వరం బి, మీకేమో దానికన్నా పైనుండే హై సి కూడా వస్తోందని మీరే రాశారు. పుచ్చీని రాసిన పెద్ద ఆర్కెస్ట్రాను దాటి వినిపించాలని, మధ్యస్థాయిలోనే గొంతును బరువు చేసి నెడుతున్నట్టున్నారు.

స్పానిష్ టెనర్ ఆల్ఫ్రెడో క్రౌస్‌ను వినండి. 1927లో కానరీ దీవుల్లో పుట్టారు, 1956లో కైరోలో ‘రిగొలెట్టో’ ఒపెరాలో డ్యూక్ పాత్రతో మొదలుపెట్టారు. గొంతుపై బరువు పడే పాత్రలు ఒప్పుకోకుండా వెర్థర్, ఫౌస్ట్ పాత్రలు, దోనిజెట్టి ఒపెరాల్లోని నాయక పాత్రల దగ్గరే ఉండిపోయారు. అరవై దాటాక కూడా వేదిక మీద పాడారు. ఇటాలియన్ టెనర్ జుసెప్పె ది స్తెఫానో గొంతు అంతకంటే అందమైనదని నా అభిప్రాయం (క్రౌస్ అభిమానులు తిట్టుకున్నా సరే). కానీ ది స్తెఫానో పై స్వరాలను బాగా తెరిచి పాడేవారు, పైగా బరువు పాత్రలకు వెళ్లారు. నలభై దాటేసరికి గొంతులో ఆ మెరుపు పోయింది.

మీరు ఆ పాటను కొన్నాళ్లు పక్కనపెట్టి, దోనిజెట్టి టెనర్ పాట ‘ఊనా ఫుర్తీవా లాగ్రిమా’ పట్టుకోండి. మర్నాడు పొద్దున మామూలుగా మాట్లాడగలుగుతున్నారా, చూసుకోండి. బొంగురుగా ఉన్నప్పుడు గుసగుసలాడకండి, అదీ శ్రమే. రెండు మూడు వారాలైనా తగ్గకపోతే ఈఎన్‌టీ డాక్టర్‌కు స్వరతంతువులు చూపించుకోండి.