మొదటి బ్లాక్ వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి సుజాతకు, మావయ్య ఆశీస్సులు.

వచ్చే నెల నుంచి నడుము నొప్పి కేసులకు డయాగ్నస్టిక్ బ్లాకులు, అంటే నొప్పి ఎక్కడి నుంచి వస్తోందో తేల్చడానికి నరాన్ని మొద్దుబార్చే సూదులు, నువ్వే సొంతంగా వేస్తావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. ఎంత పొంగిపోయానో! ఫోన్ పెట్టేశాక మాత్రం నిద్ర పట్టలేదు. అందుకే ఈ ఉత్తరం.

నీకు తెలిసినవి ముందు గబగబా చెప్పేస్తాను. మూత్రం రాక ఆగిపోవడం, మలద్వారం చుట్టూ తిమ్మిరి, కాలి బలం రోజురోజుకీ తగ్గడం, వీటిలో ఏది కనిపించినా సూది సంగతి మర్చిపో. ఆ రోజే ఎంఆర్ఐ, ఆ రోజే సర్జన్. జ్వరం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఎప్పుడో వచ్చిన క్యాన్సర్ ఉంటే, వాటి సంగతి తేలేదాకా బ్లాక్ మాటెత్తకు. తుంటిని లోపలికి తిప్పి చూడు. గజ్జలో నొప్పి లేస్తే నడుమును కాదు, తుంటిని అనుమానించు. ఎస్‌ఐ జాయింట్‌కి, అంటే నడుము కింది సాక్రం ఎముక కటి ఎముకతో కలిసే కీలుకి, చేసే ఐదు పరీక్షల్లో కనీసం మూడు పాజిటివ్ వస్తేనే దాని జోలికి వెళ్లు.

ఎంఆర్ఐ రిపోర్టు చూసి సూది ఎక్కడ దించాలో నిర్ణయించకు. నడుము నొప్పే లేని 98 మందికి ఎంఆర్ఐ తీసి 1994లో ఫలితాలు అచ్చువేశారు. వాళ్లలో 52 శాతం మందికి కనీసం ఒక చోట డిస్క్ ఉబ్బి ఉంది. రిపోర్టులో ‘ఉబ్బింది’ అని ఉన్నంత మాత్రాన నొప్పి అక్కడి నుంచే వస్తోందని కాదమ్మా.

ఇక నా అసలు భయం. ఈ పనిలో తరతరాలుగా వస్తున్న తప్పొకటి ఉంది: మందు ఎక్కువ పోయడం. పూసల వెనక ఉండే చిన్న కీలు, ఫేసెట్ జాయింట్, మీద అనుమానంతో దాని నొప్పిని మోసే సన్న నరానికి మీడియల్ బ్రాంచ్ బ్లాక్ వేసేటప్పుడు ‘ఎందుకైనా మంచిది’ అని రెండు మిల్లీలీటర్లు దింపేస్తారు. పేషెంటు లేచి నవ్వుతాడు, అందరికీ సంతోషం. కానీ ఆ రెండు మిల్లీలీటర్లు ఆ ఒక్క నరం దగ్గరే ఉండవు. పక్క కండరాల్లోకి, పక్క నరాలకి, ఒక్కోసారి నరం బయటికొచ్చే రంధ్రం వైపు కూడా పాకుతాయి. నొప్పి తగ్గిన మాట నిజమే, ఎందువల్ల తగ్గిందో మాత్రం ఇక తేలదు. ఆ నవ్వును నమ్మి రేడియోఫ్రీక్వెన్సీతో నరం కాలిస్తే నొప్పి అలాగే ఉంటుంది. పైగా అదే నరం మల్టిఫిడస్ కండరానికీ వెళుతుంది కాబట్టి వెన్నును పట్టి ఉంచే ఆ కండరం కూడా దెబ్బతింటుంది. అందుకని నరానికి 0.3 నుంచి 0.5 మిల్లీలీటర్లు, అంతే. చర్మం కింద ఇచ్చే మొద్దుబార్చే మందు, లిగ్నోకైన్, కూడా పొదుపుగా వాడు. సూది దారి పొడుగునా కండరాన్ని మొద్దుబార్చేస్తే మళ్లీ అదే మోసం.

నరాల అంకెల దగ్గర తొందరపడకు. నడుము పూసలకి ఎల్, సాక్రానికి ఎస్. ఎల్4-ఎల్5 జాయింట్‌కి వచ్చేవి ఎల్3, ఎల్4 మీడియల్ బ్రాంచులు. అవి దొరికేది ఎల్4, ఎల్5 ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌ల (పూస నుంచి పక్కకి చాచిన ఎముక కొమ్ముల) మీద. అంటే నరం అంకెకీ, సూది ఆనే ఎముక అంకెకీ ఒకటి తేడా. ఎల్5-ఎస్1 జాయింట్ అయితే ఒక సూది ఎల్5 ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్ మీద, రెండోది సాక్రం రెక్క మీద. పూసలు లెక్కపెట్టకుండా మొదలుపెట్టావో, నా చేత తిట్లు తింటావు! ఎల్5 సాక్రంతో అతుక్కుపోయినవాళ్లుంటారు, ఎస్1 విడిపోయి ఆరో నడుము పూసలా కనిపించేవాళ్లుంటారు. మామూలు ఎక్స్‌రే పక్కన పెట్టుకుని లెక్కపెట్టు.

ఎక్స్‌రేని ఏటవాలుగా తిప్పి చూసే ఆబ్లిక్ వ్యూలో పూస కుక్క ఆకారంలో అగపడి, ఆ స్కాటీ డాగ్ కన్ను కనిపిస్తుందిగా, అక్కడికి, పూస పైకి చాచిన కీలు కొమ్ము (సుపీరియర్ ఆర్టిక్యులర్ ప్రాసెస్) ట్రాన్స్‌వర్స్ ప్రాసెస్‌తో కలిసే మూలకి సూది దించు. ఎముక తగలాలి. పై అంచు దాటి పోనివ్వకు, మందు రంధ్రంలోకి జారుతుంది. తర్వాత రెండు మూడు చుక్కల కాంట్రాస్ట్ (ఎక్స్‌రేలో కనపడే రంగు), అదీ లైవ్ ఎక్స్‌రేలో చూస్తూ. రంగు పొగలా చెదిరిపోతే సూది సిరలో ఉందన్నమాట. సిరంజి వెనక్కి లాగితే రక్తం రాలేదుగా అని ధీమా పడకు. సిరలోకి పోయిన మందు నరాన్ని తాకదు. జాయింట్‌లోనే నొప్పి ఉన్నా ‘లేదు’ అనిపిస్తుంది.

ఒక్క బ్లాక్‌తో తీర్పు చెప్పేయకు. ఒక్కసారి మాత్రమే వేసిన బ్లాకుల్లో తప్పుడు పాజిటివ్‌లు 25 నుంచి 40 శాతం దాకా ఉంటాయి. ఒక రోజు లిగ్నోకైన్, ఇంకో రోజు అంతకన్నా ఎక్కువసేపు పనిచేసే బుపివకైన్. రెండుసార్లూ తగ్గాలి, బుపివకైన్‌తో ఎక్కువసేపు తగ్గాలి. 50 శాతం తగ్గితే చాలనేవాళ్లున్నారు. నరం కాల్చే ముందు నేనైతే 80 అడుగుతాను.

ఆ రోజు పొద్దున నొప్పి మాత్ర వేసుకుని, నొప్పి పదికి రెండే ఉందంటూ వస్తే వాయిదా వెయ్యి. తగ్గడానికి నొప్పంటూ ఉండాలిగా. నిద్రమత్తు మందు ఇవ్వకు, భయపడేవాళ్లతో మాట్లాడుతూ ఉండు, నీకది బాగా వచ్చు. సూదికి ముందు ఏ కదలికలో నొప్పి వస్తుందో అది చేయించి అంకె రాయించు. తర్వాత అరగంటకి, ఆపైన గంట గంటకీ ఆరు గంటల పాటు అదే కదలిక, కొత్త అంకె. ‘తగ్గిందా అండీ?’ అని అడగకు, పాపం నీ మొహం చూసి తగ్గిందనేస్తారు. ‘ఇప్పుడెంత?’ అని అడుగు. ఏ మందు వేశారో తెలియని నర్సు అడిగితే ఇంకా మంచిది.

బల్ల దిగేటప్పుడు పేషెంటు చెయ్యి పట్టుకో, మందు నరం వేరుకి పాకి ఉంటే మోకాలు మడతపడుతుంది. సీసం ఏప్రన్‌తో పాటు థైరాయిడ్ కాలర్ కూడా కట్టుకో తల్లీ, బరువని తీసేయకు. కిరణం దారిలో నీ వేళ్లు పెట్టకు. మొదటి రోజు రెండు కేసులు చాలు. పేషెంట్లు ఆ నొప్పి అంకెల డైరీ నింపుతున్నారో లేదో సాయంత్రం వాళ్లకి నువ్వే ఫోన్ చెయ్యి, ఆ తర్వాత నాకు.

ఇట్లు
మీ మావయ్య