అన్ని లెక్కలు చూపించినా వాతావరణ మార్పును కొందరెందుకు నమ్మరు?

మీరడిగింది ఇదీ: చదువుకున్నవాళ్లు కూడా వాతావరణ మార్పును కొట్టిపారేస్తున్నారు, దీనికి లోపలి భావోద్వేగాలతో ఏమైనా సంబంధం ఉందా అని. నేను చూసినంతలో చాలా ఉంది. 2024లో బుడమేరు వాగు పొంగి వచ్చిన వరదల తర్వాత మా ఇంట్లోనే చూశాను.

మా పిన్నివాళ్లది విజయవాడ సింగ్‌నగర్. సెప్టెంబర్ 1న ఇంట్లోకి నీళ్లొచ్చాయి. వరద తీశాక బురద ఎత్తిపోయడానికి వెళ్లాం. బీరువాలో చీరలు, పిల్లల సర్టిఫికెట్లు, బాబాయి ఆటో, ఏదీ మిగల్లేదు. ఆ రోజుల్లోనే ఎవరో ఇదంతా వాతావరణ మార్పు అన్నారు. బాబాయికి ఒళ్లు మండిపోయింది. "అది తప్పించుకోడానికి చెప్పే మాటమ్మా. గట్లను గాలికొదిలేసిందెవరు? వాగులో ఇళ్లు కట్టనిచ్చిందెవరు?" అన్నాడు.

ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు. బుడమేరు నీళ్లను కృష్ణా నదిలోకి తీసుకెళ్లే మళ్లింపు కాలువ గట్టుకు మూడు చోట్ల గండ్లు పడ్డాయి. కిందంతా వాగు ఆక్రమణలతో ఇరుకైపోయింది. సర్వం పోగొట్టుకున్న మనిషి కోపానికి నిలదీయడానికి ఒకరు కావాలి. కార్బన్ డయాక్సైడ్‌ని కాలర్ పట్టుకుని అడగలేం కదా! వాతావరణ మార్పు అని ఒప్పుకుంటే అసలు బాధ్యుల్ని వదిలేసినట్టే అని ఆయన భయం. సైన్స్ మీద ఆయనకు పగేమీ లేదు.

అందుకే నేను గ్రాఫులు తీయలేదు. గండ్ల సంగతి, ఆక్రమణల సంగతి ముందు మాట్లాడుకున్నాం, ఆయన తిట్టినంతసేపూ విన్నాను. తర్వాత వాన గురించి అడిగాను. "ఇంత వాన నా చిన్నప్పట్నుంచీ చూళ్లేదు" అని ఆయనే అన్నాడు. అప్పుడు చెప్పాను: గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టుకుంటుంది, ఆ తేమంతా ఒక్కసారిగా దిగితే కుండపోతే. ఏ ఒక్క వాననో పట్టుకుని ఇది దానివల్లేనని తేల్చి చెప్పలేం గానీ, ఇలాంటివి పెరుగుతాయి. పైగా అప్పుడు ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణలో 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నది అంత నిండుగా ఉంటే మళ్లింపు కాలువ నీళ్లు అందులోకి ఎలా దిగుతాయి?

బాబాయి కాసేపాగి, "అయితే పాత లెక్కతో గట్టు కడితే మళ్లీ మునుగుతామన్నమాట" అన్నాడు. కోపం తగ్గలేదు. తగ్గాల్సిన అవసరమూ లేదు. ఇప్పుడు అడగాల్సింది ఇంకా గట్టిగా అడుగుతున్నాడు.

మా తమ్ముడిది దీనికి పూర్తిగా ఎదురు. వాడికి నమ్మకం నిండా ఉంది, కానీ అంతా భయమే. ఫోన్లో ప్రళయం వీడియోలు చూసి చూసి, ఇక ఏం చేసినా లాభం లేదంటాడు. వాడొక్కడే కాదు. 2021లో లాన్సెట్ అనే వైద్య పరిశోధన పత్రికల వారి ఒక పత్రికలో వచ్చిన సర్వేలో మన దేశంతో కలిపి పది దేశాల యువతను అడిగితే, 59 శాతం మంది తీవ్రంగా ఆందోళన పడుతున్నామన్నారు. నా దృష్టిలో భయపెట్టి నమ్మించేవాళ్లు కొట్టిపారేసేవాళ్లంత నష్టమే చేస్తున్నారు. వీడు ఇంట్లో కూర్చుని కుమిలిపోతే ఏ కాలువ బాగుపడుతుంది?

ఇంకోటి, వేడిని బట్టి కూడా నమ్మకం మారుతుంది. అమెరికా, ఆస్ట్రేలియాల్లో చేసిన ఒక అధ్యయనం 2011లో వచ్చింది. ఆ రోజు మామూలుకన్నా వేడిగా ఉందనిపించినవాళ్లు భూతాపాన్ని ఎక్కువగా నమ్మారట. మన దగ్గర మే నెలలో ఎవరూ వాదించకపోవడం, డిసెంబర్‌లో మర్చిపోవడం మీరూ చూసే ఉంటారు.

మీ ఇంట్లోనో ఆఫీసులోనో కొట్టిపారేసేవాళ్లుంటే, ముందు వాళ్లు ఏం పోగొట్టుకున్నారో, ఎవరి మీద కోపంగా ఉన్నారో అడిగి చూడండి. లెక్కలు ఆ తర్వాత చెప్పొచ్చు.