అమెరికాలో స్కూల్ బోర్డు మీటింగ్‌కి పేరెంట్స్ వెళ్తే ఉపయోగం ఉంటుందా?

ఉంటుంది, కాకపోతే ఎప్పుడు వెళ్తున్నారన్నదే అసలు సంగతి. చాలా రాష్ట్రాల్లో స్కూళ్ల ఆర్థిక సంవత్సరం జులై 1న మొదలవుతుంది కాబట్టి బడ్జెట్ లెక్కలు చలికాలం నుంచే నడుస్తుంటాయి, మ్యూజిక్ క్లాసు తీసేస్తున్నారని జూన్ చివర్లో వెళ్లి గొడవపడితే అప్పటికే పని అయిపోయి ఉంటుంది. ఖర్చులో సింహభాగం జీతాలు, బెనిఫిట్సే. అందుకే కోత అంటే చాలాసార్లు ఎవరో ఒకరి ఉద్యోగం పోవడమే.

బోర్డు సభ్యులు ఎక్కువ చోట్ల ఓట్లతో గెలిచినవాళ్లే. సూపరింటెండెంట్‌ని (ఆ ఏరియా స్కూళ్లన్నీ నడిపే పైఅధికారి) పెట్టుకోవడం, పాలసీలు, బడ్జెట్ ఆమోదం వాళ్ల పని. మీ పిల్లాడి టీచర్ మీద కంప్లయింట్ ఉంటే ముందు ప్రిన్సిపాల్ దగ్గరికే వెళ్లాలి.

అజెండా ముందే చూసుకోండి, కాలిఫోర్నియాలో అయితే మామూలు మీటింగ్‌కి 72 గంటల ముందు పెట్టి తీరాలి. అందులో 'కన్సెంట్' కింద ఉన్న అంశాలన్నీ చర్చ లేకుండా ఒకే ఓటుతో పాసైపోతాయి, నేనైతే ముందు చదివేది అదే. మాట్లాడటానికి సాధారణంగా 2, 3 నిమిషాలే ఇస్తారు, అక్కడికక్కడ జవాబు కూడా రాకపోవచ్చు. కాగితం మీద రాసుకుని వెళ్లండి, అదే ముందురోజు సభ్యులకు ఈమెయిల్ కూడా చేసేయండి.