పాఠకుల ప్రశ్నలు: మర తిప్పే హెలిక్స్

ప్రశ్న: నేను ఆటోనగర్‌లో లేత్ పని చేస్తున్నాను. ఈమధ్య కంప్యూటర్‌లో త్రీడీ నమూనాలు గీసే ఫ్రీక్యాడ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటూ, త్రీడీ ప్రింటర్‌లో తీయడానికి ఎం12 (12 మిల్లీమీటర్ల వ్యాసం) బోల్టు గీస్తున్నాను. పార్ట్ విభాగంలో హెలిక్స్ (స్ప్రింగులా చుట్టుకుంటూ పైకి వెళ్లే గీత) సరిగ్గానే వస్తోంది. దాని మొదట్లో మర పంటి ఆకారం గీసి, ఆ గీత వెంట నడిపేలా స్వీప్ చేస్తే, మొదటి చుట్టు బాగానే ఉండి, తర్వాత పన్ను కొంచెం కొంచెంగా ఒరుగుతోంది. పది చుట్లు అయ్యేసరికి మొన లోపలి వైపు తిరిగిపోతోంది. కొలతలు ఎన్నిసార్లు చూసుకున్నా తప్పు కనబడలేదు.
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ కొలతల్లో తప్పు లేదు. పంటిని ఏ భంగిమలో పట్టుకుని నడపాలో సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోవడం వల్లే ఇలా జరుగుతోంది. మీ చేతిలో ఉన్న పనితోనే దీన్ని చూద్దాం. లేత్ మీద మర కోసేటప్పుడు జాబ్ (కోసే కడ్డీ) ఒక చుట్టు తిరిగేలోగా టూలు ఒక పిచ్, అంటే పక్కపక్క పళ్ల మధ్య ఉండే దూరం, జరుగుతుంది. ఎం12 ముతక మరకు అది 1.75 మిల్లీమీటర్లు. జాబ్ మీద టూలు మొన గీసిన దారే హెలిక్స్. అయితే అక్కడ టూల్ పోస్టు టూలును గట్టిగా పట్టి ఉంచుతుంది కనుక మొన ఎప్పుడూ జాబ్ అక్షం వైపే చూస్తుంది. కంప్యూటర్‌లో ఆ టూల్ పోస్టు పని ఎవరు చేస్తారన్నదే అసలు ప్రశ్న.

ఫ్రీక్యాడ్ స్వీప్‌లో మీరు ఏమీ ఎంచుకోకపోతే, ఆకారం తన దారి చుట్టూ వీలైనంత తక్కువగా మెలిక తిరిగేలా సాఫ్ట్‌వేర్ నడుపుతుంది. పైపులకు, కేబుళ్లకు ఇది మంచి పద్ధతే. కానీ హెలిక్స్ ఒక తలంలో ఇమిడే వంపు కాదు. వంగుతూనే పైకి లేస్తుంది. అటువంటి దారిలో మెలిక లేకుండా నడిచే ఆకారానికి అక్షం వైపు చూపు నిలవదు. ఎంత తప్పుతుందో లెక్క కట్టవచ్చు. ఎం12 పిచ్ వ్యాసం, అంటే పంటి మధ్య ఎత్తు దగ్గర కొలిచే వ్యాసం, 10.863 మిల్లీమీటర్లు. ఆ స్తూపం మీది ఒక చుట్టును కాగితంలా విప్పి పరిస్తే లంబకోణ త్రిభుజం వస్తుంది: అడుగు 34.13 మిల్లీమీటర్లు, ఎత్తు 1.75. దాని వాలు దాదాపు 2.9 డిగ్రీలు. ఆ కోణపు సైన్ విలువను 360తో గుణిస్తే ఒక్కో చుట్టుకు పన్ను ఒరిగే కోణం వస్తుంది. అది సుమారు 18 డిగ్రీలు. పది చుట్లకు 180 డిగ్రీలు దాటుతుంది. మీకు మొన లోపలికి తిరిగి కనిపించినది ఇందువల్లే.

స్వీప్ పట్టికలో ‘ఫ్రెనె’ అనే గడిని టిక్ చేయండి. 19వ శతాబ్దపు ఫ్రెంచి గణితవేత్త పేరు అది. ఆ పద్ధతిలో ఆకారం ప్రతి బిందువు దగ్గరా దారి వంగే వైపును చూసుకుని నిలబడుతుంది. హెలిక్స్ ఎప్పుడూ అక్షం వైపే వంగుతుంది కనుక మీకు టూల్ పోస్టు దొరికినట్టే. మరి దీన్నే ఎప్పుడూ ఎందుకు వాడరంటే, నిటారు గీత మీద వంపే ఉండదు, వంపు దిశ మారే చోట ఆకారం ఒక్కసారిగా తిరగబడుతుంది.

మరొక మాట. పంటిని అతికించే బదులు, 12 మిల్లీమీటర్ల కడ్డీలో గాడి కోయడమే మేలని నా అభిప్రాయం. పంటి అడుగు వెడల్పు పిచ్‌తో సమానమైతే పక్కపక్క చుట్లు అంచు మీద తాకుతాయి, అక్కడ సాఫ్ట్‌వేర్ తరచు చేతులెత్తేస్తుంది. ప్రామాణిక మర ఆకారంలో గాడి వెడల్పు కడ్డీ ఉపరితలం దగ్గర పిచ్‌లో ఎనిమిదింట ఏడు వంతులు, అంటే 1.53 మిల్లీమీటర్లే, అడుగున 0.44, లోతు 0.947, పక్కల మధ్య కోణం 60 డిగ్రీలు. చుట్టుకూ చుట్టుకూ నడుమ 0.22 మిల్లీమీటర్ల చదును మిగులుతుంది కనుక తాకిడి ఉండదు. గాడి ఆకారాన్ని అదే వాలుతో కడ్డీ బయటికి కొద్దిగా పొడిగించండి; హెలిక్స్‌ను కడ్డీ కొనకు ఒక పిచ్ ముందే మొదలుపెట్టండి. టూలును జాబ్ బయటి నుంచి లోపలికి తెచ్చే అలవాటు మీకు ఉన్నదే. ఫ్రీక్యాడ్ 0.19 వెర్షన్ నుంచి పార్ట్ డిజైన్ విభాగంలో హెలిక్స్ వెంట నేరుగా కోసే పనిముట్టు కూడా ఉంది.

ప్రశ్న: ఆటోక్యాడ్‌లో 22 మిల్లీమీటర్ల బయటి వ్యాసంతో, 2 మిల్లీమీటర్ల తీగతో స్ప్రింగు గీశాను. కొలిస్తే 24 వచ్చింది.
— ఒక డిప్లొమా విద్యార్థిని, వరంగల్

జవాబు: మీరు హెలిక్స్ వ్యాసార్ధంగా 11 ఇచ్చి ఉంటారు. హెలిక్స్ తీగ నడిమధ్యన వెళ్లే గీత కనుక, బయటి వ్యాసంలోంచి ఒక తీగ మందం తీసివేసి, అడుగునా పైనా వ్యాసార్ధం 10 ఇవ్వాలి. చుట్లు అడగకపోతే ఆటోక్యాడ్ మొదట మూడే వేస్తుంది. మీ స్ప్రింగుకు పిచ్ 5, చుట్లు 10 అనుకుంటే ఎత్తు 50 ఇవ్వండి. అప్పుడు ఒక్కో చుట్టుకు 63.03 చొప్పున 630 మిల్లీమీటర్ల తీగ పడుతుంది, చివరల మడతలకు మరికొంత కలుపుకోవాలి.